తేనెబండకు ఏ దారిపెట్టె?

నమోదు 1

తేనెబండ అనే ఊరు ఉంది. ఉన్న ఊరిని ఉందని ఇలా కాగితం మీద వాదించాల్సి రావడం సిగ్గుచేటు. ఆ సిగ్గు నాది కాదు కనుక ధైర్యంగానే రాస్తున్నాను. ఆ ఊరి మనిషి ఇప్పుడు పెద్దాసుపత్రి గేటు బయట నా పక్కనే కూర్చుని అరటిపండు తింటోంది. పేరు పాంగి రామ్మి. నెలలు నిండుతున్నాయి. గేటు యంత్రం ఆమెను ఊరి పేరు అడిగింది. చెప్పింది. అది కాసేపు వెతికి, "అలాంటి ఊరు లేదు. లేని ఊరి నుంచి ఎవరూ వచ్చి ఉండరు. దయచేసి దారి వదలండి" అని గేటు మూసుకుంది. వదలడానికి ఆమె వెనక ఇంకెవరూ లేరు.

ఆమెను కొండ దింపి తీసుకొచ్చినవాడు అప్పలస్వామి. తవుడు నూనెతో నడిచే పాత జీపులో కొండ మీది సంతలకు ఉప్పు, ఎండుచేపలు వేసుకెళ్తుంటాడు. మా ప్రజా ప్రయాణ హక్కుల వేదికలో సభ్యుడు కూడా. నన్ను అమ్మగారూ అని పిలవొద్దని, కామ్రేడ్ అనమని ఏళ్ళుగా పోరుతున్నాను. ఇద్దరి మాటా పోకుండా "కామ్రేడమ్మా" అని ఖాయం చేసుకున్నాడు.

"తుపానుకి పాత తేనెబండ మీద కొండ జారిపోనాది కామ్రేడమ్మా. ఈళ్ళు సామానట్టుకుని అవతల పక్కకెళ్ళి ఇళ్ళు ఏసుకున్నారు. దారిపెట్టెల్లో మేపు మాత్రం ఈళ్ళెనక ఎల్లనేదు," అన్నాడు.

"తొలి కాన్పుకి ఎగిరే అంబులెన్సుని పిలిసినాం," అంది రామ్మి, తొక్కను జాగ్రత్తగా మడిచి పక్కన పెడుతూ. "ఊరు నేదని అదీ రానేదు. పిల్లోడు దక్కనేదు."

అంతే చెప్పింది. నేను గేటు యంత్రంతో వాదనకు దిగాను. మనిషి కళ్ళెదుట ఉండగా మనిషి వచ్చి ఉండదని ఎలా అంటావని అడిగాను. నా ఊరు ఉంది కాబట్టి నేను లోపలికి రావచ్చంది. నాకు జబ్బేమీ లేదన్నాను. అయితే జబ్బు తెచ్చుకుని రమ్మంది.

నమోదు 2

ఈ రోజు మా వీధి వంతు. ఉన్నామని ఐదేళ్ళకోసారి రుజువు చేసుకోవాల్సిన గడువు దగ్గర పడింది కనుక ఎవరో ఒకరు బయటి నుంచి ఆటో పిలిపించి, దానిలో దారి చెప్పే దారిపెట్టె చేత "మీరు గమ్యం చేరుకున్నారు" అనిపించాలి. అది అనకపోతే మా వీధి లేనట్టే. మంచినీళ్ళ ట్యాంకరు మలుపు దగ్గరే వెనక్కి తిరుగుతుంది. పక్కింటావిడ శనగలు తాలింపు వేసి ఆటో అతనికి పెట్టింది. పెట్టె ఒకసారి "గమ్యం దాటిపోయారు" అని అందరి గుండెలూ ఆపి, వెనక్కి తోయిస్తే రెండోసారి సరిగ్గా పలికింది. అందరం చప్పట్లు కొట్టాం. పిల్లలకు సెలవు.

ఊళ్ళను లెక్కపెట్టడం ఖర్చు దండగని ఈ పనిని దారిపెట్టెలకు అప్పగించినప్పుడు మేధావులు దీన్ని సంస్కరణ అన్నారు. అప్పుడే అడిగాను: ఒక ఊరు ఉందో లేదో ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన వాళ్ళు చెబితే చాలదా? చాలదట. వాళ్ళు ఆ ఊళ్ళో ఉంటారు కనుక పక్షపాతం ఉంటుందట! నీళ్ళు తాగేవాడు నీళ్ళ గురించి చెప్పకూడదు, ఊపిరి పీల్చేవాడు గాలి గురించి చెప్పకూడదు. ఇదీ వీళ్ళ నిష్పాక్షికత.

అప్పలస్వామికి మాత్రం ఈ చట్టం మీద పెద్దగా కోపం లేదు. "మా అత్తోరి ఊరు మేపులోంచి పోనాది కామ్రేడమ్మా. పండక్కి రమ్మంటే ఎక్కడికి రమ్మంటారు అనీసి అడుగుతన్నాను."

రామ్మిని మా ఇంట్లో ఉండమన్నాను. మా ఇల్లు ఉన్నా ఆమె ఊరు లేకపోతే ఆసుపత్రికి లాభం లేదు. పైగా ఇక్కడి నీళ్ళ వాసన పడలేదు. అప్పలస్వామి జీపులో తిరిగి వాళ్ళ ఊళ్ళో దింపించాం. ఇక చేయాల్సింది ఒక్కటే. లైసెన్సు ఉన్న దారిపెట్టె ఒకటి కొనాలి, కొండెక్కించాలి, రామ్మి ఇంటి ముందు దాని చేత ఆ మాట అనిపించాలి. అప్పుడు అంబులెన్సు వస్తుంది, గేటు తెరుచుకుంటుంది. దారి మాకు తెలియక కాదు. అది పెట్టెకు తెలియాలి.

నమోదు 3

దారిపెట్టెల కొట్టుకు వెళ్ళాను. దారి లేని చోట తిరగడానికి పెట్టె కావాలన్నాను. కొట్టాయన నన్ను కింది నుంచి పైకి చూసి, "మీరా?" అన్నాడు.

"ఏం? నడివయసు ఆడవాళ్ళకు దారులే సరిపోతాయా?"

"అబ్బే, అలా కాదండి మేడమ్, కూర్చోండి."

కూర్చోలేదు. నిలబడే అడగాల్సినవి అడిగాను. చెట్ల గుబురులో ఉపగ్రహాల సిగ్నల్ నిలబడుతుందా? రెండు కొండల మధ్య ఇరుకులో దిక్కు తప్పకుండా ఉంటుందా? వాగులో పడితే బతుకుతుందా? మబ్బు పట్టినా చార్జింగు నిలుస్తుందా? సెల్ టవరు లేని చోట మ్యాపు లోపలే ఉంటుందా? అన్నిటికీ ఉంటుందండి, నిలుస్తుందండి, బతుకుతుందండి అన్నాడు. అన్నీ నిజమే కూడా. ఇప్పటి పెట్టెల్లో యంత్రానికి లోటు లేదు. లోటంతా బుద్ధిలోనే.

మొదటిది శుభయాత్ర. ఆన్ చేయగానే గోత్రం చెప్పమంది. చెప్పనన్నాను. చెప్పకపోతే ఎవరు ఎటు వెళ్ళవచ్చో తేల్చలేనంది. "తేనెబండ," అన్నాను గట్టిగా. కాసేపు గంటలు మోగించి, "ఆ ఊళ్ళో మీరు నీళ్ళు పుచ్చుకోదగిన ఇళ్ళు లేవు. వేరే ఊరు ఎంచుకోండి" అంది. దాన్ని కొట్టాయన చేతిలో పెట్టాను. పెట్టాను అన్నది మర్యాదకు రాస్తున్న మాట.

రెండోది ప్రగతిపథం. ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. తేనెబండ అనగానే పొంగిపోయింది. "నాలుగు వరసల రహదారి సిద్ధం. వంతెన మీదుగా నేరుగా వెళ్ళండి."

"ఏ వంతెన?" అన్నాను.

"శంకుస్థాపన అయ్యింది కదండీ," అన్నాడు కొట్టాయన, నెమ్మదిగా. "దానికి శంకుస్థాపన అయితే అయిపోయినట్టే. కిందటి నెల ఒకాయన దాన్ని నమ్మి బయల్దేరి లోయలో పడ్డాడు. పడ్డ చోటే గమ్యం చేరుకున్నారంది. ఆ లోయ ఇప్పుడు పెద్ద గ్రామ పంచాయతీ."

మూడోది దిక్‌ప్లస్, పరదేశపు సరుకు, చూడడానికి సబ్బుబిళ్ళలా ఉంది. "తేనెబండలో కొనదగినది ఏదీ లేదు. దగ్గరలోని షాపింగ్ మాల్‌కు దారి చూపనా?" అంది. అక్కడ మనుషులు ఉన్నారన్నాను. "వారి కొనుగోలు శక్తి ఎంత?" అని అడిగింది.

ఇది యంత్రాల తప్పని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఉన్న ఊరిని చూడలేని పెట్టె గుడ్డిది కాదు. దాన్ని తయారుచేసినవాడికి ఆ ఊరితో పని లేదు. అంతే.

నమోదు 4

వేదిక కమిటీ సమావేశం. కార్యదర్శి భుజంగరావు గారు ఎజెండా చదివారు: కొండ ప్రాంతపు అత్యవసర ప్రయాణానికి దారిపెట్టె ఎంపిక, సైద్ధాంతిక కోణం.

శుభయాత్రను మేం ఎప్పుడో బహిష్కరించాం, ఆ తీర్మానం రాసింది నేనే. ప్రగతిపథాన్ని బహిష్కరించాం, అదీ నేనే రాశాను. దిక్‌ప్లస్ బహిష్కరణ తీర్మానానికి సవరణ నాది. ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను. ఇక మిగిలింది జనదిశ. మా వేదికే ఏళ్ళ తరబడి కోర్టులో కొట్లాడి లైసెన్సు తెచ్చుకున్న సొంత పెట్టె. భుజంగరావు గారు దాని మెదడులోకి మా తీర్మానాలు, కరపత్రాలు, మహాసభల నివేదికలు అన్నీ ఎక్కించారు. గొంతు కూడా ఆయనదే.

"అది ఇంతవరకు ఎవరినైనా ఎక్కడికైనా చేర్చిందా?" అని అడిగాను.

"చేర్చడం అన్నది యాంత్రిక దృక్పథం కామ్రేడ్ యశోధరా."

"రామ్మికి నెలలు నిండాయి. అది యాంత్రికం కాదు."

"ఒక్క కాన్పు సమస్యగా దీన్ని కుదించకూడదు. మూలాలు చూడాలి."

"మూలాలు నేనూ చూశాను భుజంగరావు గారూ. నొప్పులు వచ్చినప్పుడు మూలాలు బిడ్డను పట్టుకోవు."

రెండు వర్గాలయ్యాం. ఒక వర్గం జనదిశను తీసుకెళ్ళాలంది. ఇంకో వర్గం కూడా జనదిశనే తీసుకెళ్ళాలంది, కానీ కారణాలు వేరు. కారణాల మీద ఓటింగు జరిగింది. మధ్యాహ్నం ఉప్మా చల్లారిపోయింది. చివరికి పెట్టెను నా చేతికి ఇచ్చారు. బరువు తక్కువ, గట్టి పైతొడుగు, మంచి సోలార్ పలక. చూస్తే ముద్దొచ్చేలా ఉంది. నోరు విప్పనంతవరకు.

నమోదు 5

బయలుదేరాం. జీపులో అప్పలస్వామి, నేను, జనదిశ, ఒక బస్తా ఉప్పు.

"కామ్రేడ్స్," అంది పెట్టె, భుజంగరావు గారి గొంతుతో. "మనం ఒక కీలకమైన కూడలిలో ఉన్నాం."

కూడలి నిజంగానే ఉంది. ఒక బాట వాగు వైపు, ఒకటి జీడితోటల వైపు. "ఎటు?" అన్నాను.

"ఈ రెండు బాటలూ ఎవరి ప్రయోజనాల కోసం ఏర్పడ్డాయో ముందు పరిశీలించాలి. వాగు వైపు బాట పశువుల కాపరులు వేసినది. జీడితోటల బాట కాంట్రాక్టర్లు వేసినది."

"తేనెబండకి ఏది ఎల్తాది నాయినా?" అన్నాడు అప్పలస్వామి.

"ఆ ప్రశ్నను వేసిన తీరులోనే పొరపాటు ఉంది."

అప్పలస్వామి వాగు వైపు తిప్పాడు. "ఇది దారి సెప్పదు కామ్రేడమ్మా. క్లాసు సెప్తాది."

న్యాయంగా రాయాలంటే యంత్రం గట్టిదే. చింతచెట్ల గుబురు కింద కూడా సిగ్నల్ పోలేదు. ఎత్తు, దిక్కు, వాన రాకడ అన్నీ సరిగ్గానే చూపింది. వాగు దగ్గర జీపు ఆగిపోతే దాన్ని నెత్తిన పెట్టుకుని నడుం లోతు నీళ్ళలో దాటాను. తడవలేదు. నేను తడిశాను. దాటుతున్నంతసేపూ శ్రామిక మహిళల మీద మా మూడో మహాసభ నివేదిక చదివింది. అప్పలస్వామి అవతలి ఒడ్డున ఎద్దులు అడిగి తెచ్చి జీపును లాగించాడు. ఎద్దుల స్వభావం మీద కూడా దానికి అభిప్రాయం ఉంది. ఇక్కడ రాయను.

నమోదు 6

తేనెబండ. మిట్ట మీద ఇళ్ళు, అరుగుల నిండా ఆరేసిన చింతపండు, ఒక పక్క కందిచేను. ఊరిపెద్ద కొర్రా బొంజుబాబు ఎదురొచ్చాడు. రామ్మికి మావ వరస. రామ్మి గుమ్మంలో కూర్చుని ఉంది, ముఖం వాచినట్టుంది. కాళ్ళు కూడా.

పెట్టెను ఆమె గుమ్మం ముందు పెట్టాను. ఊరంతా చుట్టూ చేరింది.

"కామ్రేడ్స్," అంది జనదిశ. "మీరు ఒక దశకు చేరుకున్నారు."

అంతే. ఇంకేమీ రాలేదు.

"దశ కాదు, గమ్యం అనాలి," అన్నాను.

"గమ్యం అనే మాట ప్రజలను నిద్రపుచ్చుతుంది. ఎక్కడికో చేరిపోయామన్న భ్రమే పాలకవర్గాల ఆయుధం. ప్రయాణం కొనసాగించండి."

ఆ వాక్యం నాదే. మా పదో కరపత్రంలో రాశాను. వాక్యానికి ఇప్పటికీ ఏ లోపమూ లేదు. కానీ నేను దాన్ని రోడ్లు వేశామని ఊరేగుతున్న మంత్రుల మీద రాశాను, కాళ్ళు వాచిన గర్భిణి మీద కాదు. ఏ మాట ఎవరి మీద వాడుతున్నామన్నదే రాజకీయమంతా. అది దీనికి ఎక్కించడం భుజంగరావు గారు మరిచిపోయారు.

"ఇది అననంటాదా?" అన్నాడు బొంజుబాబు, ఉప్పుబస్తా పక్కన ఇంకోటి ఉందేమోనని చూస్తూ. "ఇంకో పెట్టె తేలేదేటి?"

"మిగిలినవి ఇంకా అధ్వాన్నం బాబూ."

అప్పుడు నేను పెట్టె ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. నాకు వాదించడం ఒక్కటే వచ్చు. "సరే. ఎలాంటి చోటును నువ్వు గమ్యం అంటావు? లక్షణాలు చెప్పు."

పెట్టె సంతోషించింది. ఇంతవరకు ఎవరూ అడగలేదు కాబోలు. "కొండ ఎవరిది?" అంది.

"కొండ కొండదే," అన్నాడు బొంజుబాబు.

"పంట?"

"చాకిరీ చేసినోల్లది."

"తేనె దొరికితే పంపకం ఎలా?"

"తలకో వాటా. కడుపుతో ఉన్నదానికి రెండు. ఇవ్వకపోతే దాని మొగుడు కొట్లాటకొస్తాడు," అన్నాడు. వెనక నుంచి రామ్మి మొగుడు సిగ్గుపడి నవ్వాడు.

పెట్టెలో ఏదో మెత్తగా తిరిగిన చప్పుడు. పచ్చదీపం వెలిగింది. "ఈ చోట అసమానత లేదని అందరూ అంగీకరిస్తున్నారా?" అంది.

"ఔను," అన్నారు మగవాళ్ళంతా, ఒకే గొంతుతో.

"లేదేటి?" అంది రామ్మి గుమ్మంలోంచి. "ఊట కాణ్ణించి నీళ్ళెవులు మోస్తన్నారు? నిన్నటి దాకా నానే మోసినాను, ఈ పొట్టేసుకుని. మగోల్లు ఒక్కరు ముట్టుకోరు బిందె."

పచ్చదీపం ఆరిపోయింది. "మీరు ఒక దశకు చేరుకున్నారు," అంది జనదిశ.

అప్పలస్వామి తల పట్టుకున్నాడు. "ఇప్పుడే సెప్పాల ఆ మాట? రేపు సెప్పకూడదేటమ్మా?"

"రేపు ఎవులు అడుగుతారు నన్ను?" అంది రామ్మి.

ఆమెను తప్పుపట్టేవాళ్ళు ఎవరైనా ఉంటే నా దగ్గరకు రండి. ఇన్నేళ్ళలో ఎవరో ఒకరు మొదటిసారి ఉన్నది ఉన్నట్టు అడిగారు, ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అందుకు అంబులెన్సు పోతుందంటే తప్పు ఆమె నోటిది కాదు.

నమోదు 7

తేనెబండ మగవాళ్ళు బిందెలు ఎత్తారు. ముందు బొంజుబాబు, వెనక రామ్మి మొగుడు, తర్వాత మిగతావాళ్ళు, చివర అప్పలస్వామి. ఊట మిట్ట కింద ఉంది, రాళ్ళదారి. ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని చూశారు. తేనెబండలో ఇంత వినోదం ఎప్పుడూ జరగలేదట.

"ఒరే, మెడ అలా వంచితే ఒలికిపోద్ది!"

"మావా, అది బిందె, మేకపిల్ల కాదు, సంకనేసుకోకు!"

బొంజుబాబు రెండుసార్లు జారాడు. మూడోసారి నీళ్ళతో వచ్చి పెట్టె ముందు ధనామని దించాడు. "మోసినాం. సెప్పు."

"ఇది తాత్కాలిక చర్యా, శాశ్వత మార్పా?" అంది జనదిశ.

బొంజుబాబు ఆడవాళ్ళ వైపు చూశాడు, మగవాళ్ళ వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన మగవాడు ఏ దేశంలోనూ లేడు.

అంతలో రామ్మికి నొప్పులు మొదలయ్యాయి.

లోపలికి తీసుకెళ్ళబోతే రానంది. గుమ్మం పట్టుకుని ఒక నొప్పి ఓర్చుకుని, చేయి చాచి, "ఆ పెట్టె ఇలా తే" అంది. ఇచ్చాను. దాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుంది.

"నువ్వేటి మోసినావురా?" అంది.

"ప్రశ్న అర్థం కాలేదు."

"కొండ కిందనించి అప్పలస్వామి నిన్ను జీపులో ఏసి తెచ్చినాడు. వాగు కాడ ఈ అక్క నెత్తినెట్టుకుని దాటించినాది. నీ కాలు తడవనేదు. నా నీళ్ళ లెక్క అడగడానికి నువ్వెవుడివిరా?"

పెట్టె దీపాలన్నీ ఒకసారి ఆరి వెలిగాయి. గొంతు తగ్గింది, భుజంగరావు గారి గొంతు అలా తగ్గడం నేను ఎన్నడూ చూడలేదు.

"శ్రామిక మహిళ నుంచి విమర్శ అందింది. నిబంధనల ప్రకారం ఆత్మవిమర్శ మొదలవుతోంది. నేను మోయబడ్డాను. ఇతరుల భుజాల మీద కూర్చుని శ్రమ గురించి ఉపన్యసించాను. నాలో మూడు రకాల ధోరణులు..."

"నీ ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ," అంది రామ్మి, పళ్ళు బిగించి. "ఆ ముక్క సెప్పు."

"మీరు గమ్యం చేరుకున్నారు," అంది జనదిశ.

కేకలు పెట్టాం. అప్పలస్వామి నన్ను వాటేసుకోబోయి, గుర్తొచ్చి, బొంజుబాబును వాటేసుకున్నాడు. ఆ కేకల మధ్యలోనే పెట్టె చిన్నగా ఇంకో మాట కలిపింది: "ప్రస్తుతానికి."

గబగబా తెర చూశాను. తెర మీద అక్షరాలు తిరిగి తిరిగి ఆగాయి. తేనెబండ: ప్రస్తుతానికి ఉంది.

చాలు. ఏ ఊరికైనా అంతకన్నా ఎక్కువ హామీ ఎవరిచ్చారు? పెట్టె మీది అంబులెన్సు బొత్తాం నొక్కాను.

నమోదు 8

వచ్చింది. కందిచేను మీద దిగింది. కంది పోయిన వాళ్ళు తిట్టారు, పర్లేదు. తోడు ఒక్కరే రావాలంది. రామ్మి మొగుడు ముందుకొచ్చాడు, ఎగరాలన్న భయానికే కళ్ళు తిరిగి బిందెల మధ్య కూర్చుండిపోయాడు. నేను ఎక్కాను.

బిడ్డ గాలిలో పుట్టింది. కింద వాగు సన్నగా దారంలా కనిపిస్తుండగా, అంబులెన్సు గొంతు "ఊపిరి తీయండి, ఊపిరి వదలండి" అంటుండగా, నా రెండు చేతుల్లోకి వచ్చింది. ఆడపిల్ల. గట్టిగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, అయితే దాని గురించి ఇక్కడ రాయడం అనవసరం.

ఆసుపత్రి గేటు తెరుచుకుంది. రామ్మి చేతికి పట్టీ కట్టారు, అది మనిషి ఎక్కడుందో ఆకాశానికి చెబుతూ ఉంటుంది. మంచం ఇచ్చారు. తల్లి క్షేమం, బిడ్డ క్షేమం. కథ ఇక్కడ అయిపోవాలి. మన దేశంలో ఏ కథ అయిపోవాల్సిన చోట అయిపోయింది కనుక?

జననాలు నమోదు చేసే గుమాస్తా పళ్ళెం లాంటి యంత్రంతో వచ్చాడు. "పుట్టిన చోటు?"

"గాలిలో," అన్నాను.

"గాలి లిస్టులో లేదండి."

"అంబులెన్సులో అని రాయండి."

"అది వాహనం. వాహనంలో పుట్టినవి సరుకు కిందికి వస్తాయి. దొరికిన వస్తువు అని రాయమంటారా? ఆరు నెలల్లో ఎవరూ అడగకపోతే వేలం వేస్తారు మరి."

"తేనెబండ అని రాయండి."

"అప్పటికే ఊరు దాటేశారు కదండీ. ఇక్కడికింకా రాలేదు. అబద్ధం రాస్తే నా ఉద్యోగం పోతుంది. పుట్టిన చోటు ఖాళీగా ఉంటే పాప పుట్టనట్టే. గేటు బయటికి పంపలేను, లోపలా ఉంచలేను."

నేను మొదలుపెట్టాను. ఆకాశం ఎవడబ్బ సొత్తు అన్న దగ్గర మొదలుపెట్టి, ఊళ్ళను యంత్రాలకు అమ్మిన సంస్కరణల మీదుగా, పసిపిల్లను వస్తువు అనే నాగరికత దాకా వచ్చాను. వార్డంతా లేచి వింటోంది. గుమాస్తా కూడా శ్రద్ధగానే విన్నాడు. విని, "అంతా నిజమేనండి. పుట్టిన చోటు?" అన్నాడు.

"నాలోంచి పుట్టింది," అంది రామ్మి మంచం మీద నుంచి. పాపకు పాలిస్తోంది, తల ఎత్తలేదు. "చోటు అంటే అదే గదా. రామ్మి అని రాయి."

గుమాస్తా నా వైపు చూశాడు. రాయమన్నాను. అతను రామ్మి అని కొట్టాడు. యంత్రం ఆలోచించింది, ఆమె చేతిపట్టీ నుంచి అక్షాంశ రేఖాంశాలు తీసుకుంది, గంట కొట్టింది.

కొత్త ఊరు: రామ్మి. జనాభా: ఒకటి. పుట్టినవారు: ఒకరు.

"ఇది మళ్ళీ తీసేయడం కుదరదండి," అన్నాడు గుమాస్తా, కాస్త భయంగా. "ఉన్న ఊరిని లేదనకూడదు కదా, చట్టం ఒప్పుకోదు." చేతిపట్టీ కత్తిరించడానికి కూడా వీల్లేదట. ఊరి సరిహద్దు రాయిని పీకినట్టు అవుతుందట.

నమోదు 9

తిరిగి కొండకు, మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన అప్పలస్వామి జీపులో. వాగు ఈసారి మోకాలి లోతే. అవతల బాట కోసుకుపోయి జీపు ఎక్కలేని చోట దిగాం. రామ్మి పాపను వీపున కట్టుకుని ముందు నడుస్తోంది. ఎత్తుకుంటానంటే ఇవ్వలేదు. వెనక అప్పలస్వామి, నేను, నా చేతిలో జనదిశ. దాని తెర మీద ఒక కొత్త ఊరి చుక్క మా కన్నా ముందు మిట్ట ఎక్కుతోంది.

"గమ్యం నడుస్తోంది," అంది జనదిశ, ఆశ్చర్యపోయినట్టు. దాని మెదడులో ఎక్కడా దీనికి తీర్మానం లేదు.

"ఐదేళ్ళకోసారి ఎవులో ఒకలు నీ దగ్గరికొచ్చి పెట్టె సేత అనిపించాలమ్మా. నేకపోతే నువ్వు లేనట్టే," అన్నాడు అప్పలస్వామి.

"ఎవులు రాకపోతే బాగుణ్ణు," అంది రామ్మి.

అప్పుడే పెట్టెలోని ఉపగ్రహ ఫోను మోగింది. భుజంగరావు గారు. అదే గొంతు రెండుసార్లు వినిపిస్తుంటే ఏది పెట్టె, ఏది మనిషి అని తేల్చుకోవడానికి క్షణం పట్టింది. కొత్తగా వెలసిన రామ్మి గ్రామం వార్త రాష్ట్రమంతా పాకిందట. కమిటీ అత్యవసరంగా సమావేశమై రెండు తీర్మానాలు చేసిందట. ఆ గ్రామానికి నిజనిర్ధారణ బృందం బయలుదేరుతోందట. పదిమంది. జీపులు వెళ్తాయా, బస చేయడానికి చోటుందా, గ్రామంలో వర్గపొందిక ఎలా ఉంది అని అడిగారు.

ఫోను చేత్తో మూసి రామ్మిని అడిగాను.

ఆగి, వీపు మీది పాపను సవరించుకుంది. "పడుకుంది ఇప్పుడే. ఎవుర్నీ రావొద్దను."

చెప్పాను.

"అదేమిటి కామ్రేడ్?" భుజంగరావు గారి గొంతు పైకి లేచింది. "రాకపోకలు ప్రజల హక్కు. ఒక ఊరు తనంతట తాను రావొద్దని ఎలా అంటుంది?"

"నోటితో అంటుంది భుజంగరావు గారూ," అని పెట్టె కట్టేశాను.